ఆగస్టు ఆరు – లచ్చుమమ్మ కొడుకు

ఆగస్టు ఆరో తేదీ మనకు గద్దరన్న పోకముందు నుంచే దుఃఖదినం. 1991లో అదే రోజు గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ప్రతి ఏడూ ఆ రోజు పొద్దున చుండూరు గురించి నాలుగు మాటలు రాయడం నాకు అలవాటు. 2023లో కూడా రాశాను. ఆదివారం. రాసి పక్కన పెట్టి, ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటినాక ఊరి నుంచి అవ్వ ఫోన్ చేసింది.

"బిడ్డా, లచ్చుమమ్మ కొడుకు పోయిండట."

మా వాడలో లచ్చుమమ్మలు ముగ్గురున్నారు. ముగ్గురికీ కొడుకులున్నారు. ఏ లచ్చుమమ్మ అని అడిగాను. అవ్వకు కోపం వచ్చింది. "గద్దర్ బిడ్డా, మన గద్దర్" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పేపర్లన్నీ ప్రజా యుద్ధనౌక అని రాశాయి. టీవీల్లో విప్లవ గాయకుడు అన్నారు. మా అవ్వ ఒక్కతే ఆయన్ని తల్లి పేరుతో పిలిచింది. అది ఎందుకు సరైన పిలుపో తెలియడానికి, తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు చాలా రోజులు పట్టింది. ఈ భాగం దాని గురించే. గద్దరన్న రాజకీయాల మీద ఇప్పటికే చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను ఆయన్ని పాటగట్టేవాడిగా, పాట నేర్పే పంతులుగా తలుచుకోవాలనుకుంటున్నాను. ఆయన దగ్గర నేను ఒక్కరోజు కూడా కూర్చొని నేర్చుకోలేదు. అయినా నా గురువు ఆయనే.

మా ఊరు తూప్రాన్‌కు ఎక్కువ దూరం కాదు. అదే మెదక్ జిల్లా, అవే మెట్ట చేలు. తూప్రాన్‌లో గుమ్మడి శేషయ్య, లచ్చుమమ్మల కొడుకు విఠల్ రావు. తండ్రి తాపీ మేస్త్రీ. పని కోసం ఔరంగాబాద్ పోయినప్పుడు అక్కడ అంబేడ్కర్ ప్రభావంలో పడ్డవాడు. పిల్లలకు చదువు అన్న పట్టుదల ఇంట్లోకి అట్లా వచ్చింది. తల్లి కూలి. నాట్లకూ కలుపులకూ పోయేది, పాడేది. తల్లి పాటలే తన పాటకు మూలమని గద్దరన్న ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. ఆ మాట మేం తల్లి మీద ప్రేమగా విన్నాం. సంగీత చరిత్రగా వినలేదు. పెద్ద విద్వాంసుడెవరైనా ఫలానా వారి దగ్గర పన్నెండేళ్లు శుశ్రూష చేశానంటే దాన్ని గురుపరంపర అని రాసుకుంటాం. కూలి తల్లి దగ్గర నేర్చుకున్నానంటే మాతృభక్తి అని రాసుకుంటాం.

విఠల్ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరాడు, పూర్తి చేయలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో పాడాడు. బుర్రకథ బృందం పెట్టుకొని ఊరూరా తిరిగాడు. కుటుంబ నియంత్రణ లాంటి ప్రభుత్వ ప్రచారాలకు కూడా కథ చెప్పాడు. చాలామంది ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు, విప్లవకారుడి జీవితంలో సర్కారు ప్రచారం ఏమిటని ఇబ్బంది పడతారు. నాకైతే ఇక్కడే ఆయన చదువు జరిగిందనిపిస్తుంది. బుర్రకథ తక్కువ విద్య కాదు. నడుమ తంబురా పట్టిన కథకుడు, ఒకపక్క హాస్యం చెప్పే వంత, ఇంకోపక్క రాజకీయం చెప్పే వంత. కథకుడు పాడతాడు, ఆగుతాడు, మాట్లాడతాడు, అడుగు వేస్తాడు, మళ్లీ పాటలోకి దూకుతాడు. జనం ఎక్కడ అలిసిపోతున్నారో, ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ గొంతు దించాలో ముఖాలు చూసి తెలుసుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ప్రజానాట్యమండలి కాలంలో ఈ కళను ఎక్కడికి తీసుకుపోయాడో మన పిల్లలకు తెలియాలి. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమంలోకి తెచ్చి, 1969 డిసెంబర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. గద్దరన్న ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ దారి ముందే పడి ఉంది. ఆయన దాని మీదికి గొంగడి, గోచి, గజ్జెలు, డప్పు తెచ్చాడు.

డప్పు దగ్గర కొంచెం ఆగుతాను. మా పెద్దబాపు డప్పు కొట్టేవాడు. చెక్క పలకకు మేకతోలు బిగించి, కొట్టే ముందు గడ్డి మంట మీద కాచి, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు. కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. చావుకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, జాతరకు ఒకటి. ఊరి చివర నుంచి వినపడే దెబ్బను బట్టి ఏం జరిగిందో ఊరంతా చెప్పగలిగేది. ఇంత శాస్త్రం ఉన్న మనిషిని ఊరు ఏనాడూ సంగీతం తెలిసినవాడు అనలేదు. చావుకు పిలిచి, కొట్టించుకొని, దూరంగా కూర్చోబెట్టి ఇంత గింజలు పోసేది. తోలు ముట్టుకుంటే మైల. అదే తోలు మృదంగం మీదికెక్కి కచేరీకి పోతే మైల ఉండదు. మృదంగం తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం తెచ్చినప్పుడు, ఆవిష్కరణ సభకు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు గురించి మాట్లాడటమే అంత కష్టమైతే, ఆ తోలును వేదిక నడుమకు తెచ్చి గజ్జెకట్టి ఆడటం 1970లలో ఎంత కష్టమో ఊహించుకోండి.

గద్దర్ అన్న పేరు 1913 నాటి గదర్ పార్టీది. తొలి పాటల పుస్తకానికి ఆ పేరు పెడితే, జనం పుస్తకం పేరునే మనిషికి పెట్టేశారు. బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ నుంచి జననాట్యమండలి పుట్టింది. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, 1984లో వదిలేశాడు. బ్యాంకు ఉద్యోగం వదలడమంటే ఏమిటో మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా బంధువుల్లో ఇప్పటికీ ఆయన గురించి మాట వస్తే ముందు అది చెప్పి, తర్వాతే పాట గురించి చెబుతారు.

1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో తెర మీద ఆయన పాడిన బండి పాట మనందరికీ గుర్తు. ఆ పాట కట్టింది బండి యాదగిరి, సాయుధ పోరాటంలో పనిచేసినవాడు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? ఏటా నా క్లాసులో అడుగుతాను. ముప్పై మందిలో ఇద్దరు చెప్పగలరు. మిగతా అందరూ గద్దర్ అంటారు. 'ఊరు మనదిరా' పాట ఎవరిదని అడిగినా అదే జవాబు. అది ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టిన గూడ అంజన్న పాట. ఫార్మసిస్టుగా ఉద్యోగం చేసుకుంటూ, ఎన్నో భాషల్లోకి పోయిన పాటను కట్టిన మనిషి, 2016 జూన్‌లో మనల్ని విడిచిపోయాడు. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు తెచ్చిన పాటల్లో కొన్నింటికి కూడా ఇదే గతి పట్టింది.

ఇది గద్దరన్న తప్పు అనను. పాట సంస్థది, ఉద్యమానిది, జనానిది అన్న సూత్రం మీద ఆ రోజులు నడిచాయి. పేరు పెట్టుకోవడం సొంత ఆస్తి పోగేసుకోవడం లాంటిదన్నారు. విన్నప్పుడు గొప్పగా ఉంటుంది. కానీ పేరు లేకపోవడం అందరికీ ఒక్కతీరు నష్టం కాదు. ఆస్తి ఉన్నవాడు ఆస్తి వద్దనుకుంటే అది త్యాగం. ముందు నుంచీ పేరే లేనివాళ్లకు పేరు వద్దంటే అది పాత కథే. చరిత్రలో పేరు దొరకని కులాల నుంచి వచ్చిన అంజన్న లాంటివాళ్ల పాట గాలిలో కలిసి, చివరికి బాగా వినపడ్డ ఒక్క గొంతుకు అంటుకుంది. గొంతు కూడా మనదే కదా అని సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేకపోతున్నాను.

ఇక ఆయన కట్టిన పాట, ఆయన నేర్పిన తీరు.

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ముందు నిలిచి దళిత మహాసభ పుట్టింది. తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలేసి వచ్చారు. కారంచేడు మీద గద్దరన్న పాట కట్టాడు. ఆ పాటను చదువుకున్నవాళ్లు విశ్లేషించినప్పుడు వస్తువు గురించి మాట్లాడతారు. నేను ఎత్తుగడ గురించి మాట్లాడతాను. చనిపోయినవాళ్ల మీద పాట అంటే మన వాడల్లో శోకం. శోకానికి ఒక నడక ఉంది, ఆడవాళ్లు పక్కపక్కన కూర్చొని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి తీసే రాగం. గద్దరన్న ఆ సందర్భంలో శోకపు నడక తీసుకోలేదు. ఎదురు తిరిగి నిలబడ్డవాళ్లను పొగిడే నడక తీసుకున్నాడు. చావు గురించిన పాటకు అడుగు వేయవచ్చు, చెయ్యి ఎత్తవచ్చు. ఏడ్చే సందర్భంలో ఏడుపు రాగం వదిలి ఇంకో రాగం ఎత్తుకోవడం పాటగట్టేవాడి నిర్ణయం. ఉపన్యాసంతో అయ్యే పని కాదది.

మా వాడలోకి 'దళిత' అన్న మాట పుస్తకంతో రాలేదు, ఆ పాట ఉన్న క్యాసెట్టుతో వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు, పెద్దబాపు చెప్పగా విన్నాను. కొంచెం పెద్దయ్యాక నా కళ్లతో చూసింది మాత్రం టేప్ రికార్డరు. బ్యాటరీలు అయిపోతే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. బ్యాటరీ నీరసపడితే గద్దరన్న గొంతు లావుగా సాగేది, పిల్లలం నవ్వేవాళ్లం. పెద్దబాపు నవ్వేవాడు కాదు. టేపు ఆపి, వెనక్కి తిప్పి, ఒక్క చరణం మళ్లీ మళ్లీ విని, డప్పు మీద ఆ దరువు పట్టుకునేవాడు. పట్టుకున్నాక మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి వంత పాడించేవాడు. చదువు రాని మనిషి, కనిపించని గురువు దగ్గర పాఠం నేర్చుకొని వాడ పిల్లలకు చెబుతున్నాడు. మా ఊళ్లో సంగీత పాఠశాల అంటే అదే. సాయంత్రం ఆరు నుంచి బ్యాటరీ పోయేదాకా.

జననాట్యమండలి శిక్షణ శిబిరాల్లో ఎంతోమంది నేర్చుకున్నారు, దళాలై ఊళ్లకు పోయారు. కొందరు తిరిగి రాలేదు. ఆ చరిత్ర రాయాల్సినవాళ్లు వాళ్లతో నడిచినవాళ్లు. నేను చెప్పగలిగింది ఆయన సభను కింద కూర్చొని చూసినదాన్నిగా మాత్రమే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఎం.ఏ. చదువుతున్నప్పుడు, ఒక సభలో చాలా ముందు వరసలో చోటు దొరికింది. అప్పుడు నేను నోట్సు రాసుకునే రకం. రాసుకున్నది ఇది. పాట మొదలుపెట్టడు, ముందు రాగం తీస్తాడు. ఆ రాగం సాగినంతసేపు జనం కూర్చుంటారు, నిలబడతారు, పిల్లల్ని సర్దుకుంటారు, అంటే రాగం జనాన్ని ఒక చోటికి తెచ్చే పని. పల్లవి రెండుసార్లు తానే పాడతాడు. మూడోసారి చివరి మాట వదిలేస్తాడు. నోరు తెరిచి ఆగిపోతాడు, ఆ మాట జనం పూర్తిచేస్తారు. చరణానికీ చరణానికీ నడుమ మాట్లాడతాడు, మాట్లాడుతూనే కాలి గజ్జెతో దరువు నిలబెడతాడు. పాట చివరికొచ్చేసరికి పల్లవి మొత్తం మనమే పాడుతున్నాం, ఆయన గంతులేస్తున్నాడు. సభ అయ్యాక హాస్టల్‌కు నడుస్తూ ఆ కొత్త పాటను మొత్తం పాడుకుంటూ పోయాం. ఒక్కసారి వింటే వచ్చేసింది.

అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది? ఆ బాణీ ముందే మాలో ఉంది. అది అవ్వ నాటు వేస్తూ పాడిన బాణీ. మాటలు మార్చి, దరువు బిగించి, మా దగ్గర తీసుకున్నదాన్నే మాకు నేర్పించాడు. ఇంత పెద్ద విద్య ఇంకొకటి ఉందా? ఇంత పెద్ద అప్పు కూడా ఇంకొకటి లేదు.

ఆడపిల్లగా నా గొడవ ఇక్కడ మొదలవుతుంది. ఆ బాణీలు ఎక్కువ ఆడవాళ్లవి. నాటు పాట, కలుపు పాట, దంపుళ్ల పాట, బతుకమ్మ పాట, శోకం, అన్నీ. వేదిక మీద మాత్రం గోచీ గొంగడి కట్టిన మగవాళ్లు. ఆడ గొంతుతో మగవాడు పాడతాడు, జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. డప్పు మా ఇంట్లోనే ఉండేది, నన్ను ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఊరు మమ్మల్ని అంటరానివాళ్లన్నది, మా ఇల్లు నన్ను డప్పుకు అంటరానిదాన్ని చేసింది. ఈ మాట అంటే మా పెద్దబాపుకు కోపమొచ్చేది. ఆయన కూడా పోయాడు, ఇప్పుడు కోప్పడేవాళ్లు లేరు.

అయితే ఒక పాట ఉంది. తల్లి పేరే పల్లవిలో పెట్టి గద్దరన్న కట్టిన లచ్చుమమ్మ పాట. చిన్నబోయి చెట్టు కింద కూర్చున్న కూలి తల్లిని పలకరించే పాట. మా అవ్వకు ఆయన రాజకీయాలు సగం తెలుసు, సగం తెలియవు. ఆ పాట మాత్రం మొత్తం వచ్చు. అందుకే ఆమె లెక్కలో ఆయన లచ్చుమమ్మ కొడుకు.

ఇప్పుడు నా పరిశోధన సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నా పీహెచ్‌డీ శ్రమ గేయాల మీద. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు 1950లలోనే జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి దారి వేశారు. ఆ దారిలోనే మేమంతా నడిచాం. ఊళ్లకు పోతాం, పాడించుకుంటాం, రాసుకుంటాం, వర్గీకరిస్తాం. నా సిద్ధాంత వ్యాసం చివర అనుబంధంలో అరవైకి పైగా పాటలున్నాయి. వాటిలో పద్నాలుగు మా అవ్వ పాడినవి. ప్రతి పాట కింద ఒక పట్టిక. పాడినవారు: వ్యవసాయ కూలీ, స్త్రీ, 52 సంవత్సరాలు, నిరక్షరాస్యురాలు. రచయిత: అజ్ఞాత. సేకరణ: పరిశోధకురాలు. పరిశోధకురాలి పేరు అట్ట మీద బంగారు రంగు అక్షరాల్లో ఉంది. అవ్వ పేరు ఎక్కడా లేదు. 'సమాచారదాత' అన్న మాట కింద ఒక అంకె ఉంది.

ఆ పద్నాలుగింటిలో ఒకటి మా చిన్నమ్మ చచ్చిపోయినప్పుడు అవ్వ కట్టిన పాట. నాకు తెలుసు, నేను చూస్తుండగా కట్టింది. శవం దగ్గర మొదలైంది, దినాల నాటికి అయిదు చరణాలైంది, మర్నాటి ఏడు నాట్లలో నలుగురు కూలీలు వంత అందుకున్నారు. పాట ఎట్లా పుడుతుందో నా కండ్ల ముందు జరిగింది. అయినా 'రచయిత: అజ్ఞాత' అని టైపు చేశాను. ఎందుకంటే పట్టికలో ఆ గడి అట్లాగే నింపాలి. జానపదమంటే కర్త తెలియనిది అని నిర్వచనం. కర్త తెలిస్తే జానపదం కాదు. అప్పుడు నా సిద్ధాంతం నిలవదు. వైవా నాడు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పేరు పల్లవిలో పెట్టిన కొడుకు ఒకడు, పేరు పట్టికలోంచి తీసేసిన కూతురు ఒకతె. ఫోన్‌లో అవ్వ అన్న మాట తర్వాత నాకు మనసులో తిరిగింది ఇదే.

గద్దరన్న జీవితం చివరి వరకు ఆయన వెంట నడిచింది ఒక తూటా. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం నుంచి బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు జనం లక్షల్లో వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్చారు. ఒక తూటా వెన్ను దగ్గర ఉండిపోయింది. పాడేవాళ్లకు తెలుస్తుంది, దీర్ఘం తీయాలంటే ఊపిరి ఎక్కడి నుంచి లాగాలో. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆ తూటాను మోసుకుంటూ రాగం తీశాడు. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాకు రాసిన చెల్లెలి పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నాడు. ఆ పాట ఇప్పుడు రాఖీ పండుగ నాడు ప్రతి డీజేలో వస్తుంది, వేసేవాళ్లకు రాసినవాడెవరో తెలియకపోయినా. 2011లో 'జై బోలో తెలంగాణ' సినిమాలో ఆయన పాట తెలంగాణ అంతా పాడింది.

చివరి రోజుల గురించి దాచుకోవలసింది ఏమీ లేదు. ఎర్ర జెండా పాటగాడు అంబేడ్కర్ వైపు, రాజ్యాంగం వైపు వచ్చాడు, అది మనలో చాలామందికి సంతోషం. 2018లో మొదటిసారి ఓటేశాడు. గుళ్లకు కూడా పోయాడు, అది మనలో చాలామందికి బాధ. 2023 జూలైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని హత్తుకున్నాడు, అంతకుముందు నెలలోనే సొంత పార్టీ ప్రకటించాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు తిట్టుకున్నారు. నేనూ ఒకటి రెండు ఘాటైన వ్యాసాలు రాశాను. వాటిలో ఉన్న వాదన మీద నాకు ఇప్పటికీ పట్టింపు ఉంది. వాటిలో ఉన్న గొంతు మాత్రం ఇప్పుడు నచ్చడం లేదు. తండ్రి లాంటి మనిషితో మాట్లాడే గొంతు కాదది.

ఆగస్టు 7న ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా ఊరేగింపు. ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయంలోనే బౌద్ధ పద్ధతిలో ఖననం, ప్రభుత్వ లాంఛనాలు. ఒకప్పుడు ఆయన కోసం వెతికిన పోలీసులే పక్కన నడిచారు. ఆ తొక్కిసలాటలోనే ఆయన స్నేహితుడు, సియాసత్ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ కుప్పకూలి ప్రాణం వదిలారు. నేను జనంలో చాలా వెనక ఉన్నాను. నా పక్కన నడుస్తున్న ముసలాయన భుజాన డప్పు ఉంది. కొడుతున్నది చావు దరువు కాదు. ఏ దరువని అడిగాను. నా వైపు చూసి, ఇంకొంచెం గట్టిగా కొట్టాడు.

సినిమావాళ్లకు ఇచ్చే నంది అవార్డులకు ఇప్పుడు గద్దర్ పేరు పెట్టారు. 2025లో మొదటిసారి ఇచ్చారు. సినిమా పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి పేరు మీద సినిమా అవార్డులు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవార్డులు ఇవ్వండి, విగ్రహాలు పెట్టండి, కాదనను. నాకు కావలసింది ఇంకొకటి. ఆ మనిషి పాట ఎట్లా కట్టాడు, ఏ బాణీ ఎక్కడిది, ఎవరి దగ్గర విన్నాడు, ఏ ఊళ్లో ఏ మాట మార్చాడు, ఇది రాసి పెట్టే ఒక్క పేపరు మా సిలబస్‌లో లేదు. మా శాఖలో 'ఉద్యమ గేయం' అని ఒక యూనిట్ ఉంది. దానిలో గద్దర్ 'ఆవేశం', 'నిబద్ధత' మీద పది మార్కుల ప్రశ్న వస్తుంది. ఛందస్సు పేపరులో సీస పద్యం నడక గురించి ఇరవై మార్కులు. డప్పు నడక గురించి ఒక్క మార్కు కూడా లేదు. బోర్డు ఆఫ్ స్టడీస్‌లో అడిగాను. అది సంగీతం వాళ్లది కదమ్మా అన్నారు. సంగీతం వాళ్లను అడిగితే అది జానపదం వాళ్లదన్నారు.

కాబట్టి ఈ ఏడు నా చేతిలో ఉన్న పని మొదలుపెట్టాను. సిద్ధాంత వ్యాసాన్ని పుస్తకంగా వేస్తున్నాను కదా, అనుబంధం మొత్తం మళ్లీ రాస్తున్నాను. 'అజ్ఞాత' అన్న మాట ఉన్న ప్రతి గడి దగ్గర ఆగుతున్నాను. పాడినవాళ్లలో పదకొండు మంది పోయారు. బతికి ఉన్నవాళ్ల దగ్గరికి మళ్లీ పోతున్నాను. ఈ పాట మీకు ఎవరు నేర్పారు, మీరు ఏ చరణం కలిపారు అని అడుగుతున్నాను. పదేళ్ల కింద అడగాల్సిన ప్రశ్నలు. ఇద్దరు పిల్లలు, నా విద్యార్థులే, రికార్డరు పట్టుకొని వెంట వస్తున్నారు. వాళ్లకు గద్దరన్న అంటే రీల్స్‌లో కనిపించే ముప్పై సెకన్లు. ఇప్పుడిప్పుడే మొత్తం పాట వింటున్నారు.

మొదట మా ఇంటికే పోయాను. అవ్వ గొంతు ఇప్పుడు పై రాగానికి పోవడం లేదు, మధ్యలో తెగుతున్నది. చిన్నమ్మ పాట పాడించుకున్నాను. పాడినాక, అవ్వా ఈ పాట కింద నీ పేరు రాస్తున్నాను, కట్టింది నువ్వే అని పుస్తకంలో ఉంటది అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను.

"మాటలు నావే" అన్నది. "ఎత్తుకున్న రాగం నాది కాదు బిడ్డా. అది మా మేనత్తది. నా పేరు రాస్తే ఆమె పేరు గూడ రాయాలె."

మేనత్త పేరేమిటని అడిగాను. అవ్వ చాలాసేపు ఆలోచించింది. చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలిచిందట, ఊళ్లో అందరూ ఆమెను మొగుడి పేరు పెట్టి ఫలానావాని పెండ్లాం అనేవాళ్లట. అసలు పేరు మా అవ్వకు తెలియదు. మేనత్త పుట్టిల్లు గజ్వేల్ దిక్కు. వచ్చే ఆదివారం అటు పోతున్నాం.